మా నాన్న దైవాధీనం, నల్లమల రాత్రి బండి గార్డు

మా నాన్నగారు దైవాధీనం ఇక లేరు. గడిచిన ఆదివారం మధ్యాహ్నం, ఢిల్లీ మయూర్ విహార్‌లోని మా ఇంట్లో, బాల్కనీ తలుపులోంచి పడుతున్న పల్చటి చలికాలపు ఎండలో ఆయన శ్వాస ఆగిపోయింది. ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా జీవితం గడిపినదాన్ని. మరణం నాకు పరాయిది కాదు. అయినా ఆ రోజు ఆయన మణికట్టు పట్టుకుని, నాడి ఆడుతోందనే చాలాసేపు భ్రమపడ్డాను. కొట్టుకుంటున్నది నా వేలికొసల్లోని నా నాడేనని గ్రహించేసరికి నా కూతురు నిస్సీ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

ఆ సాయంత్రం నుంచి సంతాప సందేశాలు వస్తూనే ఉన్నాయి. చర్చి గ్రూపులో, తెలుగు సంఘం గ్రూపులో, గుంటూరు బంధువుల నుంచి. దాదాపు అన్నింటిలోనూ ఒకటే కథ: "తల్లి వదిలేసిన పసికందును ఒళ్ళో పెట్టుకుని నల్లమల దాటించిన కరుణామూర్తి." ప్రేమతో రాసినవే, కాదనను. కానీ చదువుతున్నకొద్దీ నా తల వాలిపోయింది. ఆ కథ అలా నిలిచిపోవడం ఆయనకు ఇష్టం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పమని ఆయనే నాతో అన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

గుంటూరు దగ్గరి ఒక పల్లెలో, పొగాకు బారన్లలో కూలి చేసుకునే దంపతులకు ఆయన ఏకైక సంతానం. మిషను బడిలో చదువుకుని, రైల్వేలో చేరి, ప్యాసింజరు బండ్ల గార్డు అయ్యారు. దైవాధీనం అన్న పేరు అక్కడ మంచి పరిహాసానికి పనికొచ్చింది. బండి ఆలస్యమైతే స్టేషను మాస్టర్లు, "ఇవాళ మన బండి దైవాధీనం కదండీ, ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు!" అని నవ్వేవారట. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవారు.

ఆయన ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఒకే బండి మీద గడిచింది. సాయంత్రం గుంటూరులో బయల్దేరి, పల్నాటి మెట్టపొలాలు దాటి, తెల్లవారేసరికి నంద్యాల చేరే చిన్న లైను ప్యాసింజరు అది. నల్లమల మొదట్లో ఒక చిన్న స్టేషనులో ఆగి, ముందు వైపు మరో ఇంజను తగిలించుకునేది. అక్కణ్ణించి అంతా కొండ ఎక్కడమే. ఖాళీ గంపలతో తిరిగొచ్చే సీతాఫలాల ఆడవాళ్ళు, మహానంది మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళే కుటుంబాలు, తేనె డబ్బాలు కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చునే చెంచులు. సొరంగం వస్తోందంటే తెలిసినవాళ్ళు కిటికీ చెక్కలు దించేసి, తెలియనివాళ్ళను కేకలేసి దింపించేవారు. లోపల ఇంజను పొగ, తడిసిన రాతి గోడల చల్లదనం. సొరంగం దాటి లోయ మీది వంతెన ఎక్కగానే చక్రాల చప్పుడు మారేదనీ, ఆ మార్పుకు నిద్రలో ఉన్న పిల్లలు కూడా ఒకసారి కదిలేవారనీ నాన్న చెప్పేవారు. ఇప్పపూల కాలంలో అడవి వాసన గార్డు పెట్టెలోకి వచ్చి తనతో పాటు నంద్యాల దాకా ప్రయాణం చేసేదట. ఆ పాత లైను ఎత్తేసి ఎంతో కాలమైంది. ఆయన మాటల్లో మాత్రం అది మొన్నమొన్నటిదాకా నడిచింది.

"బండి డ్రైవరుదమ్మాయ్, జనం గార్డు తాలూకు" అనేవారు. బండి బయల్దేరే ముందు ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచి, కుళాయి దగ్గర ఎవరైనా మిగిలారేమో చూసి, అప్పుడుగాని పచ్చదీపం ఎత్తేవారు కాదు. అందుకు పైవాళ్ళ నుంచి మెమోలు వచ్చేవి. ఇంటికి తెచ్చి అమ్మ చేతికిచ్చి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయేవారు. ఆ నిదానమంతా దయాగుణమని మేము గర్వపడేవాళ్ళం. అది ఎప్పుడు మొదలైందో మాలో ఎవరూ అడగలేదు.

ఇక ఆ కథ. అది చెప్పేది అమ్మ. కొండ ఎక్కిన తరువాత ఒక పెట్టెలో తల్లి లేని పసిబిడ్డ ఏడుస్తుంటే, ప్రయాణికులు తెచ్చి నాన్నకు అప్పగించారు. తన కోటులో చుట్టి, సొరంగంలో పొగ తగలకుండా తడి రుమాలు అడ్డుపెట్టి, తెల్లవార్లూ ఒళ్ళో పెట్టుకుని నంద్యాల చేర్చారు. మర్నాడు మధ్యాహ్నం తల్లి వెతుక్కుంటూ వచ్చి, ఆయన పాదాల మీద పడి, బిడ్డను తీసుకువెళ్ళింది. రైల్వే వారోత్సవంలో ఆయనకు శాలువా కప్పి ప్రశంసాపత్రం ఇచ్చారు. అమ్మ ఈ కథ మొదలుపెడితే చాలు, నాన్న లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవారు. అది వినయమనుకున్నాం.

అమ్మ పోయాక నేను ఆయన్ను ఢిల్లీ తెచ్చుకున్నాను. ఈ నగరంలో ఆయన్ను కలవరపెట్టిన వస్తువు ఒక్కటే, మెట్రో రైలు తలుపులు. ఎవరైనా పరుగెత్తుకుంటూ వస్తుంటే తలుపుల మధ్య నిలబడిపోయేవారు. మూసుకోవడానికి వచ్చిన తలుపులు ఆయనకు తగిలి మళ్ళీ తెరుచుకునేవి. "అంకుల్, హటియే నా!" అని, పక్కకు జరగమని లోపలివాళ్ళు విసుక్కునేవారు. "ఒక్క నిమిషం బాబూ, మనిషి వస్తోంది" అని ఆయన తెలుగులోనే జవాబు చెప్పేవారు. సిగ్గుతో నేను ఫోన్ చూసుకుంటున్నట్టు నటించేదాన్ని.

రెండేళ్ళ క్రితం తెలుగు సంఘం వారు అశోకా రోడ్‌లోని ఒక అతిథిగృహంలో పెద్దలకు సన్మానం పెట్టారు. భోజనాలకు ముందు ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలిచి అనుభవాలు చెప్పమన్నారు. నాన్న నల్లమల బండి గురించి చెబుతుంటే సభ మైమరచిపోయింది. కార్యక్రమం నడుపుతున్న శ్రీకాంత్, హైదరాబాదు కుర్రవాడు, ఉత్సాహంగా మైకు ముందుకు చాచాడు.

"అంకుల్, గా బేబీ స్టోరీ జెప్పుండ్రి. ఆంటీలందరు దానికోసమే కూసున్నరు."

నాన్న తల అడ్డంగా ఊపారు. శ్రీకాంతే ఆ కథ క్లుప్తంగా చెప్పేశాడు. చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో నా పక్కన కూర్చున్న నిస్సీకి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడేది హిందీలోనే. దానికి నిజంగానే సందేహం వచ్చింది.

"తాతయ్యా, పర్ బచ్చే కీ మమ్మీ కహాఁ థీ?"

బిడ్డ తల్లి అప్పుడెక్కడుందని. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. నాన్న మైకును రెండు చేతులతో పట్టుకున్నారు.

"నా వెనకే పరుగెత్తుకొస్తోందమ్మా" అన్నారు. "నేను చూశాను. చూసి ఆపలేదు."

సభలో నవ్వబోయినవాళ్ళు ఆగిపోయారు. శ్రీకాంత్ మైకు తీసుకుని, "అంకుల్ జర ఎమోషనల్ అయిండ్రు, ఒక్కసారి గట్టిగ చప్పట్లు" అన్నాడు. చేతులు కడుక్కునే చోట ఒకావిడ నా దగ్గరికి వచ్చి, "పాపం, పెద్దాయనకి మతి తప్పుతోందా అండీ?" అని అడిగింది. "అవునండీ, ఈ మధ్య అన్నీ కలిపేసుకుంటున్నారు" అన్నాను. తల తిప్పితే నాన్న నా వెనకే తువ్వాలుతో నిలబడి ఉన్నారు.

మర్నాడు ఉదయం నేను టీ పెట్టి ఇచ్చాక, "నాకు మతి పోలేదమ్మాయ్" అన్నారు. "కూర్చో. నీకు చెప్పాలి."

ఆ రాత్రి బండి బాగా ఆలస్యంగా కొండ మొదటికి చేరింది. అంతకుముందు ట్రిప్పులోనే ఆలస్యానికి ఆయన మాట పడి ఉన్నారు. ఇంజను తగిలించడం అయిపోగానే ప్లాట్‌ఫారం చూడకుండానే పచ్చదీపం ఊపారు. బండి కదిలింది. ఆయన తన పెట్టె మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి చూస్తే, ప్లాట్‌ఫారం చివర కుళాయి దగ్గర్నించి చెంబు పట్టుకుని ఒక ఆడమనిషి పరుగెత్తుకొస్తోంది. చెయ్యెత్తి కేకలు వేస్తోంది. దీపం వెలుగు ఆమె ముఖం మీదే పడింది.

"ఆపొచ్చమ్మాయ్. కొండ మీద ఆపకూడదు గానీ అక్కడింకా చదునే. నా పెట్టెలోనే బ్రేకు. చెయ్యి చాపితే అందుద్ది. లేదా ఒక్క చెయ్యి ఆమెకిస్తే నా పెట్టెలోకే లాగేసేవాణ్ణి. చెయ్యలా."

"వేగంగా వెళ్తోందేమో నాన్నా..."

"లేదు. నాకు సాకులు వెతకమాక. ఆ క్షణాన నేనేమనుకున్నానో చెప్పనా? ప్రతి స్టేషన్లో దిగతారు, వీళ్ళకి ఇట్టాగే కావాలి అనుకున్నా. ఆమె చీర చూసి, ఆ చెంబు చూసి అనుకున్నా. ఎవరో ఆఫీసరు భార్య అయితే అనుకునేవాణ్ణా?"

నేను ఓదార్పుగా, "లోపల బిడ్డ ఉందని మీకు తెలియదు కదా" అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

"తెలిస్తే ఆపేవాణ్ణి అంటే ఏందమ్మాయ్? బిడ్డ లేని ఆడదైతే అడవిలో వదిలేసిపోవచ్చనా?"

కొండ మీది స్టేషనులో బిడ్డ చేతికి రాగానే ఆయనకు విషయం అర్థమైంది. కింది స్టేషనుకు ఫోను చేయించారు. అక్కడ ఎవరూ లేరన్నారు. అప్పటికే ఆమె బండి వెళ్ళిన దారినే పట్టాల వెంట అడవిలోకి నడక మొదలుపెట్టింది. చిరుతలు తిరిగే చోటు. నంద్యాల చేరేదాకా బిడ్డ ముఖం చూడటానికి తనకు ధైర్యం చాలలేదని నాన్న చెప్పారు. తెల్లవారాక సొరంగం అవతలి నోట్లోంచి వస్తున్న ఆమెను లైను పని చేసేవాళ్ళు చూసి, గూడ్సు బండి ఎక్కించి పంపారు. పాదాలు చీలిపోయి నెత్తురోడుతున్నాయి. వచ్చి ఆయన కాళ్ళకు మొక్కింది. చుట్టూ జనం చప్పట్లు కొట్టారు.

"అప్పుడు చెప్పాల్సింది. చప్పట్లలో నోరు పెగల్లేదు. ఆ తర్వాత శాలువా కప్పారు. ఇంక ఎట్టా చెప్పను?"

ఆమె పేరు ఓబులమ్మ. నంద్యాల అవతల ఏ ఊరో కూడా ఆయనకు మొదటినుంచీ తెలుసు. ఆ లైను మీదే ఇంకా ఎన్నో ఏళ్ళు తిరిగారు. ఒక్కసారీ ఆ ఊరికి వెళ్ళలేదు. అదీ ఆయనే చెప్పారు, నేను అడగకుండానే.

"నన్నక్కడికి తీసుకుపో" అన్నారు. ఆ వయసులో అంత ప్రయాణం వద్దని నేను రకరకాలుగా నచ్చజెప్పాను. ఆయన పట్టు విడవలేదు. చలి తగ్గాక సెలవు పెట్టి తీసుకువెళ్ళాను.

ఊళ్ళో ఆటో దిగి ఓబులమ్మ ఇల్లెక్కడని అడిగితే, అరుగు మీద కూర్చున్న ఒకాయన, "ఏ ఓబులమ్మ? రైల్లో బిడ్డినిడిసిపెట్టిన ఓబులమ్మనా?" అన్నాడు. నలభై ఏళ్ళ నుంచి ఆ ఊళ్ళో ఆమెకు అదే గుర్తింపు.

ఆమె ఇంటి ముందు కూర్చుని కందులు చెరుగుతోంది. ఎండిపోయిన మనిషి, చూపు మాత్రం సూటి. నాన్న పేరు చెప్పేలోపే గుర్తుపట్టింది. చేట కింద పెట్టలేదు.

"గార్డు సారువు గదా. ఏంటికొచ్చినావు?"

"తప్పు చెప్పుకుందామని వచ్చానమ్మా. ఆ రాత్రి నువ్వు వస్తుంటే నేను చూశాను."

"నాకు తెల్సు." ఆమె చెరగడం ఆపింది. "లాంతరెత్తి నా మొగమే జూసినావు. బిడ్డ బిడ్డ అని అరిసినా. ఇనపళ్యాదంటే నమ్ముతా సారూ. సూళ్యాదంటే నమ్మను."

"చూశానమ్మా."

"నీ కాళ్ళు ఏంటికి మొక్కినానో తెల్సునా? మొక్కకపోతే బిడ్డినియ్యవేమోనని. కేసు రాస్తావేమోనని. అందరూ సప్పట్లు గొట్టిరి."

నాన్న చేతులు జోడించి అలాగే నిలబడ్డారు. మా ఇంట్లో అమ్మ గర్వంగా చెప్పిన ఆ కథ ఇక్కడ ఒక ఆడమనిషి మెడకు ఉరిలా బిగిసి ఉంది. ఆమె ఒక్కొక్కటే చెప్పింది: అత్త మాటలు, మొగుడి దెబ్బలు, నీళ్ళ పంపు దగ్గర ఎత్తిపొడుపులు. గార్డు సారు దేవుడైనకొద్దీ ఆమె బిడ్డను పారేసుకున్న తల్లి అయింది.

"ఎవరి ముందు చెప్పమంటావమ్మా? ఊరందరినీ పిలువు, చెప్తాను" అన్నారు నాన్న.

"ఎవురికి జెప్తావు? మా యత్త సచ్చిపాయ. మా యాయన సచ్చిపాయ. వాళ్ళు ఇనాల్సింది." చేటలోంచి ఒక రాయి ఏరి పారేసి, మెల్లగా అంది. "నా కొడుక్కి జెప్పు. తాగినప్పుడు ఒగసారి వాడు గూడా అన్న్యాడు, నన్నిడిసిపెట్టినదానివే గదా అని."

ఆమె కొడుకు మద్దిలేటి, కబురందుకుని, నాపరాళ్ళ ఫ్యాక్టరీ నుంచి ఒంటి నిండా తెల్ల దుమ్ముతో వచ్చాడు. అప్పటికి అరుగు మీది మనిషీ, ఇరుగుపొరుగూ పోగయ్యారు. నాన్నను కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే, పేరు పేరునా చెప్పినట్టు, అందరికీ వినపడేలా చెప్పారు. "మీ అమ్మ నిన్ను వదల్లేదు బాబూ. నీకు నీళ్ళు తేవడానికి దిగింది. నీకోసం పరుగెత్తుకొస్తుంటే నేను చూసి, పొగరుతో, ఆపకుండా వెళ్ళిపోయాను. నిన్ను నేను కాపాడిందేమీ లేదు. నీకోసం అడవిలో నడిచింది ఆమె."

మద్దిలేటి ఒకటే అడిగాడు.

"ఎంత దూరంలో ఉన్న్యాది సార్, మా యమ్మ?"

నాన్న చుట్టూ చూసి, ఎదురింటి గోడ చూపించారు. "ఆ గోడంత."

అతను ఆ గోడకేసి చాలాసేపు చూశాడు. తరువాత వెళ్ళి తల్లి పక్కన నేల మీద చతికిలబడి, ఆమె ఒడిలోని చేట తీసుకుని కందులు చెరగడం మొదలుపెట్టాడు. చెరగడం అతనికి చేతకావడం లేదు. సగం కింద పోతున్నాయి. ఆమె అతని చేతులు చూస్తూ ఉండిపోయింది. చివరకు మా వైపు తిరిగి, "ఇంగ పోండి సారూ, పొద్దు గుంకుతాంది, ఆటోలు దొరకవు" అంది. క్షమించానని అనలేదు. నాన్న అడగనూ లేదు.

తిరుగు ప్రయాణంలో, "ఇప్పుడు మనసు తేలికైందా నాన్నా?" అన్నాను.

"నాకు తేలికవడానికి కాదమ్మాయ్ వెళ్ళింది. ఎంత ఆలస్యంగా వెళ్ళానో చూశావుగా" అన్నారు. కిటికీ వైపు తిరిగారు. కన్నీళ్ళు తుడుచుకోలేదు. కారనిచ్చారు.

ఆ తరువాత ఆయన ఆరోగ్యం క్రమంగా క్షీణించింది. మద్దిలేటి అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సారు ఎట్లున్న్యాడు?" అని అడిగేవాడు. ఆయన ఆ ఒక్క ఫోనుకే మంచం మీద లేచి కూర్చునేవారు.

నా తండ్రి మహనీయుడని లోకాన్ని నమ్మించడం ఆయనకు ఇష్టం లేని పని. అందుకే ఆ మాట రాయను. ముదిమిలో, తను అవమానించిన మనిషి గుమ్మం ముందు తనంత తానుగా నిలబడిన వ్యక్తిని నేను ఒక్కరినే చూశాను. ఆ వ్యక్తి నాకు తండ్రి కావడం నా భాగ్యం. సభలో ఆయన్ను మతి తప్పినవాడిగా చెప్పిన నోటితోనే ఇప్పుడు ఆయనకు అంజలి ఘటిస్తున్నాను. మా ఇంట్లో ఆ గొంతు లేదు, ఆ మందలింపు లేదు. నా మాటల్లో అబద్ధం పట్టుకునేవారు ఇక ఎవరూ లేరు.

భూస్థాపన ముగించుకుని వచ్చిన సాయంత్రం నేను మద్దిలేటికి ఫోన్ చేశాను. అతను విని, ఫోను తల్లికి ఇచ్చాడు.

"ఆఖర్న సారు కాడ ఎవురున్న్యారు?" అని అడిగింది ఓబులమ్మ.

"నేనున్నానమ్మా. పక్కనే ఉన్నాను."

"సరే. ఒక్కడే పోళ్యాదు గదా" అంది, ఫోను కొడుకు చేతికి ఇచ్చేస్తూ.